తోటికోడళ్ళ బేరం

ఆ సాయంత్రం మా వీధి చివరి కరెంటు స్తంభం మీద పిడుగు పడింది. మా టీవీ ఒక్కసారి తెల్లగా మెరిసి ఆరిపోయింది. అదే క్షణంలో గోడ అవతల వినబడుతున్న సీరియల్ పాట కూడా టక్కున ఆగింది. అవతల ఉండేది మా తోటికోడలు, అంటే మా ఆయన అన్నగారి భార్య. మా వైపు అక్కని పిలిచినట్టే ఆవిడను నేను అప్ప అని పిలిచేదాన్ని. అప్పటికి ఆ పిలుపు ఆగిపోయి రెండేళ్ళు దాటింది.

పెద్ద కారణమేమీ లేదు. తుపానుకి కూలిన జీడిచెట్లు ఎవరి వాటాలోవన్న దగ్గర అన్నదమ్ములు మాటామాటా అనుకున్నారు. వాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు కాబట్టి మేమూ మానేశాం. ఇంటి మధ్యలో గోడ లేచింది. అత్త మాత్రం ఒక నెల మా దగ్గర, ఒక నెల వాళ్ళ దగ్గర ఉండేది. అప్పా నేనూ కుళాయి దగ్గర ఎదురుపడితే ఎవరి బిందె వంక వాళ్ళం చూసుకునేవాళ్ళం.

మర్నాడు మెకానిక్ వచ్చి మా టీవీ వెనక మూత విప్పి, లోపల అంతా మాడిపోయిందన్నాడు. గోడ అవతల కూడా అదే మాట చెప్పి వెళ్ళాడు. మా ఆయన అలాంటి చిన్న టీవీనే ఇంకొకటి కొందామన్నారు. నేను వద్దన్నాను. చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక్కరి ఇంట్లోనే టీవీ ఉండేది. కిటికీ ఊచలు పట్టుకుని, ముందున్నవాళ్ళ తలల సందుల్లోంచి చూసేదాన్ని. ప్రతి సినిమాలోనూ సగం బొమ్మని ఎవరి కొప్పో మింగేసేది. ఇప్పుడు నేను బడిలో పాఠాలు చెప్పి సంపాదించుకుంటున్నాను. చీటీ డబ్బులు చేతికొచ్చాయి. ఈసారి కొంటే యాభై అయిదు అంగుళాలదే కొనాలని పట్టుబట్టాను.

"గోడంతా టీవీయే సేసీమంతావేటి?" అన్నారాయన.

"సేసీమంతాను," అన్నాను.

ఫోన్లో చూస్తే ముప్పై ఏడు వేలకే వస్తోంది. కానీ మా ఊరి పిన్‌కోడు కొట్టగానే, అక్కడికి పంపడం కుదరదని వచ్చేది. పైగా ఉద్దానం జీడితోటల మధ్య ఉన్న మా ఊరికి వచ్చి గోడకి బిగించేదెవరు? అందుకని షాపులు తిరగడం మొదలుపెట్టాను. బడికి సెలవున్న రోజు బస్సెక్కి టెక్కలి వెళ్ళాను. అక్కడ అదే టీవీ నలభై ఆరు వేలన్నారు. కాశీబుగ్గ బజారులో ఇంకో షాపుకి వెళితే ఓనరు నలభై నాలుగు చెప్పాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఆఖరి పీసు మేడమ్. ఇంకో పార్టీ కూడా అడుగుతున్నారు. ఆదివారం లోపు తేల్చుకోండి," అన్నాడు.

ఆ ఇంకో పార్టీ ఎవరో నేను పట్టించుకోలేదు. షాపువాళ్ళు అలాగే అంటారు కదా అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే ఆ షాపు మెట్లెక్కి లోపలికి అడుగుపెట్టాను. ముందు కనబడింది మా అత్త. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతిలో కూల్‌డ్రింకు సీసా పట్టుకుని, ఎదురుగా గోడ నిండా కదులుతున్న సముద్రాన్ని చూస్తోంది. ఆ టీవీలో రంగురంగుల చేపలు ఈదుతున్నాయి.

"ఓలమ్మా, ఆ సేప సూడు! మన ఒడ్డున ఇలాటిది ఎప్పుడైనా పడిందేటి?" అంటోంది.

పక్కన నిలబడి ఉన్నది అప్ప. నేను రెండుసార్లు తడిమి చూసుకుని మనసు పడ్డ టీవీ ముందే నిలబడి ఉంది.

వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. అంతలో ఓనరు నన్ను చూసేశాడు. మొహం విప్పారింది.

"రండి మేడమ్! నేను చెప్పలేదూ? ఈ అమ్మగారు కూడా ఇదే కావాలంటున్నారు. ఉన్నది ఒక్కటే. ముందు ఎవరు కడితే వారిదే మరి!"

మేమిద్దరం ఒకరికొకరం తెలియని వాళ్ళమనే అతను అనుకున్నాడు. అప్ప నా వైపు తిరిగింది. నేను రిమోట్లు పెట్టిన అద్దాల బల్ల వైపు చూశాను. అత్త సీసాలోని గొట్టాన్ని నోట్లోంచి తీసి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తెర మీద చేపలు తిరుగుతున్నాయి.

అప్ప మళ్ళీ టీవీ వైపు తిరిగి, చేపలతో చెబుతున్నట్టుగా అంది.

"నీకెంత సెప్పేడు?"

రెండేళ్ళ తరవాత ఆవిడ నాతో అన్న మొదటి మాట అది.

"నలభై నాలుగు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"నాకు నలభై రెండు సెప్పేడు."

ఓనరు నవ్వు సగంలో ఆగిపోయింది. అత్త సీసాని కింద పెట్టి, "ఇద్దరూ నా కోడళ్ళే బాబూ. అది పెద్దది, ఇది సిన్నది," అంది తీరిగ్గా.

ఆ తరవాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పొంగుతుంది. అప్ప చెంగు నడుముకి దోపింది. మా ఊళ్ళో జీడిపిక్కల వ్యాపారి కాటా తెచ్చిన రోజున ఆవిడ అలాగే దోపుతుంది.

"ఆఖరి పీసన్నావు. ఇద్దరం కొంటామంటే ఏటి సేత్తావు?"

"గోడౌన్లో ఇంకోటి ఉందేమో చూడాలమ్మా..."

"ఇందాక లేదన్నావు కదా, ఇప్పుడెక్కడ మొలిసింది?"

నాకు నవ్వాగలేదు. ముందుకెళ్ళి ఫోను తీసి ధర చూపించాను. "ముప్పై ఏడు. ఈ ధరకిస్తే రెండూ తీసుకుంటాం."

"అయితే ఫోన్లోనే కొనుక్కోండి మేడమ్," అన్నాడు ఉక్రోషంగా.

"మా ఊరికి అది రాదు. వస్తే నీ మెట్లెందుకెక్కుతాం?"

ఓనరు కాలిక్యులేటరు తీశాడు, మళ్ళీ పక్కన పెట్టాడు. తనకేమీ మిగలదన్నాడు, షాపు అద్దె పెరిగిందన్నాడు. చివరికి ఒక్కోటి ముప్పై తొమ్మిది, అంతకన్నా తగ్గనన్నాడు. అప్ప అత్త భుజం తట్టింది.

"లెగత్తా, టెక్కలి పోదాం. సెల్లీ, టెక్కలిలో సూసేవా?"

"సూసేనప్పా," అన్నాను. చూసిన మాట నిజమే. అక్కడ ఎంత చెప్పారో అప్ప అడగలేదు, నేనూ చెప్పలేదు. అప్పా అని పిలిచేసిన సంగతి మెట్ల దగ్గరికి వచ్చాక గాని నాకు తెలియలేదు.

అత్త మాత్రం కదలనంది. "ఉండండే, ఆ పెద్ద సేప మళ్ళీ వత్తాదేమో!" చెరో చెయ్యీ పట్టుకుని లేపాం. మూడో మెట్టు దిగేసరికి వెనకనుంచి కేక వచ్చింది.

"అమ్మా, ఆగండి! ముప్పై ఏడుకే పట్టుకెళ్ళండి!"

అప్ప వెంటనే తిరగలేదు. నా మోచెయ్యి గట్టిగా గిల్లింది. మొహంలో నవ్వు కనబడకుండా సర్దుకుని, అప్పుడు తిరిగింది. గోడకి బిగించే స్టాండ్లు ఊరికే ఇవ్వాలంది. నేను, మా వైపు పిడుగులెక్కువని, స్టెబిలైజర్లు కూడా కావాలన్నాను. ఓనరు దండం పెట్టేశాడు. మేం అక్కడా ఆగలేదు. పెట్టెలు విప్పించి, రెండు టీవీలూ వెలిగించి చూపించమన్నాం. అప్ప ముక్కు తెరకి ఆనించినంత దగ్గరగా వెళ్ళి, ఎక్కడైనా గీత ఉందేమోనని మూలమూలా వెతికింది. అన్నీ అయ్యాక ఓనరు కూడా నవ్వేశాడు.

"మీ ఇద్దర్నీ కలిసి రానిస్తే నా షాపు మూసుకోవాలి," అంటూ ట్రాలీ ఆటో కూడా తనే మాట్లాడి పెట్టాడు.

టీవీ పెట్టెలు పడుకోబెట్టకూడదు. అందుకని అత్తని డ్రైవరు పక్కన కూర్చోబెట్టి, మేమిద్దరం వెనకాల చెరో పెట్టె పట్టుకుని కూర్చున్నాం. జీడితోటల మధ్య రోడ్డు, సముద్రం మీంచి ఎదురుగాలి. ఒకరి మాట ఒకరికి వినబడాలంటే అరవాల్సిందే. అరుచుకుంటూనే వచ్చాం. ఆవిడకి ఆపరేషనైన సంగతి నాకు పక్కింటివాళ్ళు చెబితే తెలిసింది. ఇప్పుడు ఆవిడ నోటి నుంచి మొదటినుంచీ విన్నాను. మా చిన్నమ్మాయి బడిలో పాట పాడి బహుమతి తెచ్చుకుందని నేను చెబితే, "నాకు తెల్దనుకుంటున్నావేటి? గోడ పక్కనే కూకుని ఇన్నాను," అంది. గుంత వచ్చినప్పుడల్లా ఇద్దరం పెట్టెల్ని కావలించుకునేవాళ్ళం.

ఆటో ఇంటి ముందు ఆగేసరికి అన్నదమ్ములిద్దరూ ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకే ఆటోలోంచి దిగిన మా ఇద్దరినీ కళ్ళప్పగించి చూశారు. పెట్టె దింపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. మా ఆయన ఒక కొస పట్టుకుని, పక్క గుమ్మం వైపు తిరిగి అన్నారు.

"అన్నియ్యా, అటు పట్టు."

బావగారు వచ్చి పట్టుకున్నారు. రెండు పెట్టెలూ వాళ్ళే దింపారు. మెల్లగా, మెల్లగా అని ఒకరినొకరు హెచ్చరించుకున్న మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. నాకు అవి చాలనిపించాయి.

మధ్యాహ్నం బిగించడానికి వచ్చిన కుర్రవాడు ఒక స్టాండే తెచ్చాడు. రెండోది మర్నాడు తెస్తానన్నాడు. అప్పది ముందు బిగించమన్నాను. అందుకని ఆ సాయంత్రం అందరం అప్ప వాళ్ళింట్లోనే కూర్చున్నాం. నేను గుమ్మం దగ్గర సందేహిస్తుంటే, "అక్కడ నిలబడ్డావేటే? రా, మజ్జిని కూకో," అని అప్ప అందరి మధ్యలో చాప పరిచింది. సినిమాలో హీరో మొహం తలుపంత వచ్చింది. "ఆడి పళ్ళు కూడా లెక్కెట్టొచ్చు!" అంది అత్త. అన్నదమ్ములు రిమోటు కోసం కీచులాడుకుంటుంటే ఇద్దరినీ కలిపి ఒకేసారి కసిరింది.

వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూసి, ధర అడిగి, ముక్కు మీద వేలేసుకున్నారు. ఎదురింటావిడ చివరిదాకా ఉండి, వెళ్ళబోతూ ఆగి అడిగింది.

"మాకూ ఫ్రిజ్జు కొనాలే. మీరిద్దరూ మా కూడా వత్తారేటి?"

నన్ను అడగకుండానే అప్ప జవాబు చెప్పింది.

"రెండో శనివారం సెల్లికి సెలవు. పొద్దున్నే రెడీగా ఉండు."