గురువారం అరుగు మీద పత్రిక

విజయనగరం పాత ఊళ్లో ఉన్న గ్రంథాలయాన్ని ఒక జనపనార వ్యాపారి కట్టించాడు. సొంత గోదాము స్థలం ఇచ్చి, పుస్తకాలు కొనిపెట్టి, ఒక షరతు కూడా రాతి మీద చెక్కించాడని మా అత్త చెప్పేది. గురువారం సంత ముగిశాక, చదువు రానివాళ్లకు అరుగు మీద పత్రిక చదివి వినిపించాలని. పెళ్లయిన కొత్తలో ఆ సంతలో ఎండుచేపలు అమ్మి, తట్ట దించుకుని నేనూ అక్కడ విన్నదాన్నే. తుఫాను కబురైనా, ఎక్కడో జరిగే యుద్ధమైనా నాకు ఆ అరుగు మీదే తెలిసింది. ఆ చదవడం ఎప్పుడో ఆగిపోయిందని మొన్న ఎవరో అన్నారు. వెళ్లి అడుగుతానంటే మా మనవరాలు రమణి నవ్వింది. "రాతి మీద ఏటుందో నువ్వు సదవనేదు కదా మామ్మా." నిజమే. యాభై ఏళ్లుగా పదిమందికీ చెప్పిన మాట అబద్ధమేమోనని మొదటిసారి గుబులు పుట్టింది. అందుకే బయల్దేరాను. ఇది నేను చెబుతుంటే రాస్తున్నదీ రమణే.

గురువారం పదకొండింటికి అరసవల్లిలో షేర్ ఆటో ఎక్కి ఆమదాలవలస స్టేషన్‌కు చేరాం. అక్కడినుంచి ప్యాసింజరు రైల్లో గంటకు పైగా ప్రయాణం, టికెట్టు ముప్పై రూపాయల లోపే. విజయనగరంలో దిగి భోజనం చేసి, యాభై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాం. ఎక్కడికో చెబితే ఆటో అతను వెనక్కి తిరిగి చూశాడు.

"పుస్తకాలు సదువుతావేటి మామ్మా?"

"సదవను. సదివిస్తాను."

మూడున్నరకు చేరాం. అరుగు అలాగే ఉంది. లోపల పిల్లలు పరీక్షలకు చదువుకుంటున్నారు. నా గొంతు వినగానే గ్రంథాలయాధికారి లేచి వచ్చి, ఇక్కడ మాట్లాడకూడదని గోడమీది బోర్డు చూపించాడు. అది నాకెందుకు, రాయి చూపించమన్నాను. ఏ రాయి అన్నాడు. గుమ్మానికి ఎడమవైపు, కూర్చుంటే నా వీపు ఆనేచోట ఉండాలి. అక్కడ పాత పత్రికల బీరువా ఉంది. ముగ్గురు కలిసి జరిపితే, వెనక దుమ్ములో రాయి కనబడింది. రమణి చదవబోయింది.

"నువ్వుండవే. ఆయన సదవాల."

ఆయన కండువాతో దుమ్ము తుడిచి మొదలుపెట్టాడు. దాత పేరు, తండ్రి పేరు, తాత పేరు. ఆఖరి వరుస దగ్గర ఆయన గొంతు నెమ్మదించింది: చదువు రాని వారికి సంత నాటి సాయంత్రము అరుగుపై పత్రిక చదివి వినిపించవలెను.

రమణి నా చెయ్యి పట్టుకుంది. చదివి పెట్టే మనిషి లేడని ఆయన గొణిగాడు.

"ఇప్పుడు నాకు సదివింది ఎవలు బాబూ?"

ఆయనే లోపలికి వెళ్లి పత్రిక తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు. సంత నుంచి వస్తున్న అరటిపళ్లామె, పూలామె తట్టలు దించి చేరారు. లోపలి పిల్లలకు ఇబ్బందని ఆయన మెల్లగా చదువుతుంటే, "ఇనపడ్నేదు" అన్నాను. గొంతు పెంచాడు.

వచ్చే గురువారం ఆయన చదువుతాడో లేదో నాకు తెలీదు. కళ్లతో చదివేవాళ్లకు ఆ దాత గది కట్టించాడు, చెవులతో చదివేవాళ్లకు అరుగు కట్టించాడు. గదికి తాళం వేయొచ్చు, అరుగుకు వేయలేరు.

మీరు వెళ్లదలిస్తే శుక్రవారం సెలవు, గురువారం నాలుగింటికి వెళ్లండి. ఎవరూ చదవకపోతే పత్రిక తీసుకుని మీరే గట్టిగా మొదలుపెట్టండి. తట్ట దించి కూర్చునేవాళ్లు వస్తారు.