దిక్కు దగ్గర ఆపు

మా అమ్మమ్మ నోరు మంచిది కాదు. నేనంటే చాడీ అవుతుంది గానీ, ఆవిడ పనిచేసిన లాండ్రీలో ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఇరవై రెండేళ్లు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడింది. అక్కడ ఆవిడ పేరు నిప్పుల పెట్టె. మడత వంకరగా వస్తే "దిక్కుమాలిన దుప్పటి", కరెంటు పోతే "దిక్కుమాలిన కరెంటు", యజమాని వస్తే కాస్త గొంతు తగ్గించి "దిక్కుమాలిన మొహం". ఆ ఒక్క మాటతోనే బండి లాగించేది.

తాత తలుపు వేయడం ఎరగని మనిషి. లోపలికొచ్చినా, బయటికెళ్ళినా బార్లా తెరిచే ఉంచేవాడు. నాకూ అదే బుద్ధి వచ్చింది. ఒకరోజు పొద్దున ఆయన గొడుగు తీసుకుని గుమ్మం దాటగానే అమ్మమ్మ వంటగదిలోంచి అరిచింది.

"దిక్కుమాలిన మనిషీ, ఆ తలుపేసి పో!"

తాత వెనక్కి వచ్చి, తలుపు వేసి వెళ్ళాడు. వీధి మలుపు దగ్గరే కూలబడ్డాడు. గుండె ఆగిపోయింది.

అప్పటికి అమ్మమ్మకు యాభై ఒకటి. ఆయనతో అన్న ఆఖరి మాట అదే. ఇక ఆ మాట ఆవిడ నోట రాలేదు. అంతవరకు దేవుణ్ణి పలకరించే తీరిక లేని మనిషి, రోజూ పనికి వెళ్ళేముందు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కళ్ళు మూసుకునేది. పెద్ద ప్రార్థనలేవీ రావు. "నువ్వే దిక్కు" అని మూడుసార్లు పైకే అని లేచేది. లాండ్రీలో వాళ్ళకు భయం పట్టుకుంది. "అక్కా, ఒంట్లో బాగుందా? ఒక్కసారి తిట్టవా, పని సాగట్లేదు" అని బతిమాలారట. నేను తలుపు తీసి వదిలేసినా ఏమీ అనేది కాదు. తనే లేచి వచ్చి, మెల్లగా వేసి, గొళ్ళెం మీద చెయ్యి కాసేపు అలాగే ఉంచేది.

పన్నెండేళ్ల తర్వాత పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పడిపోయింది. ఆసుపత్రిలో మూడోరోజు అమ్మ చెంచాతో నీళ్ళు పట్టబోతే అమ్మమ్మ పెదాలు కదిలాయి. అందరం మీదికి వంగాం.

"దిక్కుమాలిన" అంది.

నేను పకపకా నవ్వాను. అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. అమ్మమ్మ కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. 

దాహం అడగబోయినా అదే, అమ్మను పిలవబోయినా అదే. "బాగా అలవాటైన మాట ఒక్కోసారి మిగిలిపోతుంది. దాన్నే పట్టుకుని మిగతావి లాగాలి" అంది మాటలు నేర్పే డాక్టరమ్మ. అమ్మమ్మ పట్టుకోనిస్తేగా! ఇంటికొచ్చాక మూతి బిగించేసింది. కుర్చీని కిటికీ వైపు తిప్పితే ఎడమ కాలితో తన్నేది. దేవుడి ముందు నోరు తెరిస్తే ఆ తిట్టే వస్తుందని ఆవిడ భయం. అది నా మట్టిబుర్రకు ఎక్కడానికి వారం పట్టింది.

"పోనీ మనసులో అనుకోవచ్చుగా అమ్మమ్మా."

తల అడ్డంగా ఊపింది. లోపల కూడా అదే మిగిలిందేమో.

బడిలో మాటల్ని విడదీసి రాయమంటే గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నదాన్ని, ఆ పూట ఒక్క మాటను విడదీశాను. "ఇదిగో ముసలీ, విను. నీ తిట్టులో సగం నీ ప్రార్థనే. దిక్కు దగ్గర ఆపెయ్. 'మాలిన' వచ్చేలోపు బ్రేకు వెయ్యి."

జబ్బు చేశాక మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూసింది.

మర్నాటి నుంచి పాఠం మొదలైంది. "దిక్కు" అనగానే నేను అరచేత్తో నోరు మూసేదాన్ని. మిగతా సగం నా చేతి కింద వెచ్చగా గొణుక్కునేది. ఒకసారి కొరికింది కూడా. "దిక్కుమాలిన ముసలీ!" అని అరిచాను. ఆవిడ భుజాలు ఊగాయి. నవ్వే అది. అలా నాలుగు నెలలు. చివరికి తన ఎడమ చెయ్యే అడ్డం పెట్టుకోవడం నేర్చుకుంది. చెయ్యి లేకుండా మాత్రం ఆగేది కాదు.

ఒక పొద్దున కుర్చీ కిటికీ వైపు తిప్పితే తన్నలేదు. సంబరపడి, "నువ్వే..." అని అందించాను. అమ్మమ్మ టక్కున నా నోరు మూసింది. కుర్చీని అటు తిప్పమని తలుపు వైపు వేలు చూపించింది. తిప్పాను. నా పుణ్యమా అని తలుపు బార్లా తెరిచే ఉంది. వీధి మలుపు దాకా కనిపిస్తోంది.

"దిక్కు" అంది.

చెయ్యి ఒళ్ళోనే ఉంది. మాట దానంతట అదే ఆగింది.

పదిరోజులకు పక్షవాతం రెండోసారి వచ్చింది. ఆ ఒక్క మాటా పోయింది. ఇంకో వారం ఊపిరి మాత్రం ఉండి, తర్వాత అదీ ఆగిపోయింది. చూడ్డానికొచ్చిన లాండ్రీ వాళ్ళు, "చివరిదాకా దేవుణ్ణే పట్టుకుంది, పుణ్యాత్మురాలు" అన్నారు. నిజమే అయి ఉండొచ్చు. "దిక్కు" అన్న ఆ పొద్దున మాత్రం ఆవిడ కిటికీ వైపు చూడలేదు.

తలుపు వేయడం నాకింకా అలవాటు కాలేదు. తీసే వెళ్ళిపోతాను. వీధి మలుపు దగ్గర గుర్తొచ్చి, వెనక్కి వచ్చి వేస్తాను.