నల్ల ల్యాండు

అసూయ అంటే కాస్త మర్యాదగా ఉంటుంది. నాది కుళ్లు. అదీ మనిషి మీద కూడా కాదు, నాలుగు అట్టముక్కల మీద.

డిగ్రీ చదివే రోజుల్లో ఆదివారం వస్తే గాజువాకలో బస్సెక్కి ఫిషింగ్ హార్బర్ దగ్గరున్న స్నేహితుడి ఇంటికి పోయేవాణ్ణి. వాళ్ల మేనమామ ఓడలో పనిచేసేవాడు. ఓసారి సింగపూర్ నుంచి మావాడికి డబ్బా నిండా ఆట కార్డులు తెచ్చిచ్చాడు. పేకముక్కలు కావు, వాటి మీద సైనికులు, రాక్షసులు, రకరకాల నేలల బొమ్మలు ఉండేవి. వాడు అడక్కుండానే డబ్బాలో సగం నాకు పంచాడు. పంచినవాణ్ణి చూసే కడుపు మండించుకున్న ఘనుణ్ణి నేను.

ఆట సులువే. నేల బొమ్మలున్న ల్యాండ్ కార్డులు పరిస్తే శక్తి వస్తుంది. ఆ శక్తితో సైన్యాన్ని దింపి ఎదుటివాడి ప్రాణాలు తియ్యాలి. నా ల్యాండ్లు ఒక్కోటి ఒక్క శక్తే ఇచ్చేవి. నెర్రెలిచ్చిన నల్లనేల బొమ్మతో ఉన్న నాలుగు కార్డులూ వాడి వాటాలోకే పోయాయి. అవి ఒక్కోటి రెండు శక్తులిస్తాయి. కాకపోతే వాడుకున్న ప్రతిసారీ సొంత ప్రాణం ఒకటి పోతుంది. ఆ సంగతి కార్డు మీదే రాసుంది. నేనూ చదివాను, అదీ ఒక లెక్కా అనుకున్నాను.

ప్రాణాలకు గుర్తుగా వాళ్ల నాన్న వలలకు కట్టే సీసం గుండ్లు పెట్టుకునేవాళ్లం. మనిషికి ఇరవై. ఎవరివి వాళ్ల మోకాలి పక్కన కొబ్బరి చిప్పలో ఉండేవి. ఎన్ని మిగిలాయో అడిగితే చెప్పాలని మా రూలు. నేనెప్పుడూ అడగలేదు.

నేను ఒక బక్క సైనికుణ్ణి దింపేలోగా వాడు పెద్ద రాక్షసుణ్ణి దింపేవాడు. వాణ్ణి చూసి నేను ఉన్నవాళ్లందరినీ కాపలా నిలబెట్టుకుని, ఒక్కణ్ణీ ముందుకు పంపకుండా ఆ నల్ల ల్యాండ్లనే చూస్తూ కూర్చుని ఓడిపోయేవాణ్ణి. పొరుగింటి పుల్లకూర సంగతి నాకు తెలియక కాదు. తెలిసినా నోరూరుతుంది.

ఇంతలో వాడికి మామయ్య ఓడలోనే పని కుదిరింది. వెళ్లేలోగా ఒక్కసారైనా వాణ్ణి గెలవాలని నా పంతం. ఆఖరి ఆదివారం, నా ల్యాండ్లన్నీ తీసుకుని నల్లవి నాలుగూ నాకిమ్మన్నాను. పైన నా దగ్గరున్న ఒకే ఒక్క తళతళలాడే మెరుపు కార్డు కూడా ఇస్తానన్నాను. మెరుపుది వద్దని, నల్లవి నా చేతిలో పెట్టేశాడు. అదీ నచ్చలేదు నాకు. కాస్త బతిమాలించుకుని ఉంటే బావుండేది.

రెండేసి శక్తులు లాగి రాక్షసులను దింపాను. వాడు మాత్రం కాపలా మాటే ఎత్తకుండా, వచ్చిన బక్క సైనికుణ్ణి వచ్చినట్టే నా మీదికి తోలాడు. నా రాక్షసుడు ఒకణ్ణి ఆపితే పక్కనుంచి ఇద్దరు దూరేవాళ్లు. వాళ్లు కొట్టినందుకు కొన్ని గుండ్లు పోయాయి, నా ల్యాండ్లు నన్నే కొరికినందుకు కొన్ని పోయాయి. చివరికి చిప్పలో ఒకే గుండు మిగిలింది. చేతిలో అందరికంటే పెద్ద రాక్షసుడున్నాడు. వాణ్ణి దింపాలంటే నల్ల ల్యాండు వాడాలి, వాడితే చస్తాను. చెయ్యి కార్డు మీద పెట్టి అలాగే కూర్చున్నాను. వాడి బక్క సైనికుడొకడు వచ్చి ఆ ఒక్క గుండూ పట్టుకుపోయాడు.

ఈ దిక్కుమాలిన ల్యాండ్లతో ఇన్నాళ్లూ ఎలా గెలిచావని కోపంగానే అడిగాను.

"నాను గెలవనేదు బావ, నువ్వే ఓడిపోయీవోడివి," అన్నాడు గుండ్లు ఏరుకుంటూ. "నా సిప్పలో రెండో మూడో మిగిలీవి. నువ్వొక్క దెబ్బ కొడితే నాను పోయీవోణ్ణి. నా సిప్పలోకి ఎప్పుడైనా సూసేవేటి?"

చూడలేదు. సిగ్గు పడాల్సింది, కానీ నాకు మళ్లీ కుళ్లే వచ్చింది. చిప్పలో రెండు గుండ్లు మిగిలినప్పుడు కూడా వాడు ఎంత నిమ్మళంగా కూర్చునేవాడో అప్పుడు గుర్తొచ్చింది. నల్ల ల్యాండ్లు ఇప్పటికీ నా బీరువాలోనే ఉన్నాయి. ఆ నిమ్మళం మాత్రం వాడితోపాటే ఓడెక్కింది.