లారీ ఇచ్చిన డ్యాష్

నా చిన్నప్పుడు ఒక శనివారం అమ్మకు ఒక కబురు తప్పుగా చేరవేశాను. ఆ సాయంత్రమే మా నాన్న పోయాడు.

ఆ పొద్దున బడిలో ఇంగ్లీషు సారు ఖాళీలు పూరించమని బోర్డు మీద వాక్యాలు రాసి, గీత వచ్చిన చోటల్లా 'డ్యాష్' అని చదివించారు. ఒంటిపూట బడి అయి ఇంటికి వస్తుంటే, బస్సు దిగిన మా ఊరాయన నన్ను ఆపాడు. "బిడ్డా, బీచుపల్లి కాడ మీ నాయినకు లారీ డ్యాష్ ఇచ్చింది. మీ అమ్మకు చెప్పు, జల్ది పో" అని, మా పెదనాన్నకు చెప్పడానికి చేనువైపు వెళ్లాడు.

బీచుపల్లి గుడికి వెళ్లిన నాన్నకు లారీ ఏమిచ్చిందో ఆ ఖాళీని నేనే పూరించుకున్నాను.

"అమ్మా, నాయినకు లారీల కూసోనీకి జాగ ఇచ్చిండ్రంట."

"అయితే జల్దొస్తడు తియ్యి. ఆకలి మీదుంటడు" అని అమ్మ జొన్నరొట్టెలకు కూర్చుంది. అమ్మకు కబురు అందే ఉంటుందనుకుని పెదనాన్న అటునుంచి అటే గద్వాల దవాఖానకు వెళ్లిపోయాడు.

పక్కింటి అక్క కాలేజీ నుంచి వచ్చేసరికి రొట్టెలు చల్లారిపోయాయి. నాన్న ఇంకా రాలేదని అమ్మ చెబితే, కబురు తెచ్చిన నావైపు తిరిగి "ఏమే, ఆయన అన్నది అన్నట్టు చెప్పు" అంది. చెప్పాను. అక్క పుస్తకాలు అరుగు మీద పడేసి అమ్మ చెయ్యి పట్టుకుంది. వాళ్లు దవాఖాన చేరేటప్పటికి నాన్న లేడు. చివరిదాకా అమ్మ ఏదని అడిగాడట.

మొగుని పానం మీదికొస్తే రొట్టెలు చేస్తుండెనంట అని ఊరు అంది. అమ్మ అందరికీ ఒకటే జవాబు చెప్పింది. "పిల్ల సక్కగనే చెప్పింది. నాకే సక్కగ ఇనపడలే."

దినాలు అయ్యాక అక్క తన డిక్షనరీ తెరిచి చూపించింది. "ఉరుకుడు, గుద్దుడు, పగలగొట్టుడు, గీత. గీ ఒక్క మాటకు ఇన్ని అర్థాలున్నయే. తెల్వనప్పుడు నింపకు, అడుగు."

పత్రికలో పనిచేసినన్నాళ్లూ ప్రమాద వార్తలో ఆ మాట వస్తే కొట్టేసి 'ఢీకొట్టింది' అని రాసేదాన్ని. తెలియని వివరం ఉంటే ఫోన్ చేసి, రెండోసారి కూడా అడిగేదాన్ని. నన్ను క్షమించావా అని మాత్రం అమ్మను ఇంతవరకూ అడగలేదు. అమ్మకిప్పుడు నిజంగానే చెవులు వినపడవు.