తీపి తగ్గించిన పూర్ణం

మా అవ్వ వంటింట్లో ఉగాది బూరెలకి ఒక చట్టం ఉండేది. దేవుడి ముందు పెట్టేదాకా పూర్ణం ఎవరూ రుచి చూడకూడదు. రుచి దాకా ఎందుకు, వాసన పీల్చినా ఊరుకునేది కాదు. జలుబు చేసి ముక్కు ఎగబీల్చినా "ఏటే, ముక్కుతో తినేత్తన్నావా?" అని గరిటె చూపించేది. తీపి సరిపోయిందో లేదో చూడకుండా వండటం కళ్లకు గంతలు కట్టుకుని నడవడమేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. కానీ ఆవిడ ఒక్కసారైనా తడబడింది లేదు. రెండు డబ్బాల శనగపప్పుకి రెండు డబ్బాల పంచదార. డబ్బా అంటే ఖాళీ అయిన పాలడబ్బా. పెళ్లయి వచ్చిన నాటి నుంచి అదే కొలత. కొలత మారనంత కాలం రుచి చూడాల్సిన పనేముంది?

కొలత మార్చాల్సి వచ్చింది మా తాత వల్ల.

మేముండేది మా ముత్తాతలు చెరకు పనికి ఓడెక్కి వచ్చిన దీవిలో, రివియేర్ దు రాంపార్ వైపు, ఎటు చూసినా చెరకే కనిపించే ఒక చిన్న ఊళ్లో. తాత అక్కడి మిల్లులో పాకం దగ్గర పనిచేసి మానేశాడు. ఉడుకుతున్న పాకాన్ని గాజుపలక మీద చుక్క వేసి, వెలుతురుకి ఎత్తి పట్టి, పలుకు కట్టిందో లేదో చెప్పడం ఆయన పని. ఆయన తల ఊపేదాకా దొరలు కూడా ఆగేవారట. ఈ మాట చెప్పింది ఆయనే కాబట్టి సగం తీసేసి వినాలి. అంత పంచదార వండినవాడికి చివరికి పంచదార జబ్బే వచ్చింది. ఊళ్లోవాళ్లు వేళాకోళం చేస్తే ఆయన కూడా నవ్వేవాడు. ఎడమకాలి బొటనవేలి కింద పుండు పడ్డాక నవ్వడం మానేశాడు.

"పా మాంజ్ దిసిక్" అన్నాడు డాక్టరు క్రియోల్‌లో, పంచదార ముట్టుకోవద్దని. తాత తల ఊపాడు. మిల్లులో సంగతి నాకు తెలియదు గాని, ఇంట్లో ఆయన తల ఊపితే విన్నాడని మాత్రమే అర్థం, ఒప్పుకున్నాడని కాదు.

ఆ ఏడు ఉగాదికి అవ్వ బూరెలు మానేసింది. "ఆయన తిననిది నాను సెయ్యను" అని పొయ్యి మీద అన్నం ఒక్కటే పెట్టింది. ఇల్లు పండగ ఇల్లులా లేదు. తాత ఉతికిన చొక్కా వేసుకుని, ట్రియోలేలో చుట్టాలింట్లో రామభజనం ఉందని బస్సెక్కి వెళ్లి, అక్కడ బూరెలు మూడు తిని వచ్చాడు. ప్రసాదం కాదనకూడదు కదా అని ఆయన వాదన. మొదటిది ప్రసాదం, మిగతా రెండూ ఏటని అవ్వ ప్రశ్న. ఆ నెల తిరిగేసరికి పుండు లోతైంది.

బట్టలుతికే బండ దగ్గర అవ్వ మా అమ్మతో అన్న మాట నేను విన్నాను. "ఆయనకి ఉండాలని నేదే కోడలా. ఎల్లిపోదారనే సూత్తన్నాడు." అవ్వ ఏడవలేదు, చేతిలోని లుంగీని రోజూ కంటే గట్టిగా బాదింది. నాకప్పుడు పదకొండేళ్లు. మనిషి కాలు నొప్పితో పోతాడని తెలుసు గాని, పోవాలని ఉండి పోతాడని తెలియదు. ఆ రోజు నుంచి నేను తాతని కనిపెట్టుకుని ఉండేదాన్ని. ఆయన టీ తాగుతుంటే కప్పులోకి తొంగి చూసేదాన్ని. విసుక్కునేవాడు. విసుక్కోనీ, నాకేం?

మరుసటి ఏడు మా దీవికి స్వాతంత్ర్యం వచ్చింది. బడిలో ఇచ్చిన నాలుగు రంగుల కాగితం జెండాని వంటింటి కిటికీలో గుచ్చాను. "ఇంక అన్నీ మారతాయి" అన్నాడు నాయన. "మన వంటింట్లో ఏటి మారుద్ది?" అంది అవ్వ. మూడు వారాలు తిరక్కుండానే ఉగాది వచ్చింది, దేశం సంగతేమో గాని వంటిల్లు మాత్రం మారింది.

ఉగాదికి పది రోజుల ముందు అమ్మ తాతని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఇంకో నెల చూస్తానని, పుండు మానే దారి పట్టకపోతే పోర్ట్ లూయీ పెద్దాసుపత్రికి పంపి వేళ్లు తీయించాల్సి వస్తుందని, వేళ్లతో ఆగుతుందని తాను మాటివ్వలేనని చెప్పాడట. బస్సులో తాత కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ కూర్చున్నాడట. అమ్మ మాత్రం ఆ దారంతా ఆలోచించుకుని వచ్చింది. చెప్పులైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది.

"అత్తా, ఈ ఉగాదికి ఇంట్లో బూరెలు సేద్దారి. పంచదార సగమే ఏద్దారి. మావయ్య ఇంట్లో ఒకటి తింతే బయటకెల్లి మూడు తినక్కర్నేదు."

"దేవుడికి సప్పిడి పెడతావా?" అంది అవ్వ.

"దేవుడికి ఏరేగా సేద్దారి."

"దేవుడికొకటీ మీ మావయ్యకొకటీనా? అప్పుడు ఆయన తినేది పెసాదం ఎలాగవుద్ది?" అని అవ్వ చేటలో బియ్యం చెరగడం మొదలుపెట్టింది. తర్వాత తనే అంది: "సరే. దేవుడే సరిపెట్టుకుంతాడు."

సగం పంచదార అని నోటితో అనడం తేలిక. పంచదార తీపి కోసమే కాదు, పప్పుని ముద్దగా పట్టి ఉంచేదీ అదే. తగ్గిస్తే పూర్ణం పొడిపొడిగా రాలుతుంది, పిండిలో ముంచి నూనెలో వేస్తే బూరె పగిలి నూనెంతా పాడవుతుంది. అమ్మ మామూలు రోజుల్లో ప్రయత్నించి చూసింది. దేవుడికి పెట్టేవి కావు కాబట్టి రుచి చూడొచ్చు, తాతకి తప్ప అందరికీ పెట్టింది. మొదటిసారి చేసినవి కోళ్లు తిన్నాయి. రెండోసారి కొబ్బరికోరు కలిపింది, కాస్త నయం. మూడోసారి పప్పు వేడిగా ఉండగానే మెత్తగా ఎనిపి, రెండు గరిటెల కొబ్బరిపాలు పోసి, సన్న సెగ మీద మూకుడు వదిలేదాకా కలిపి, యాలకులు రెట్టింపు వేసి, చిటికెడు ఉప్పు వేసింది. అది నిజంగానే బాగుంది. తిన్నాక కడుపులో బరువు లేదు, మొహం మొత్తడం లేదు. ఇప్పుడు కాత్ర్ బోర్న్‌లో మా ఇంట్లో ఉగాదికి నేను చేసేది ఆ మూడోసారి పూర్ణమే. పిల్లలు అసలు బూరెలంటే అవే అనుకుంటారు, నేను దిద్దను.

ఇంటి బూరె ఒక్కటే తింటానని, బయట ఏదీ ముట్టనని తాత అమ్మ చేతిలో చెయ్యేసి చెప్పాడు. అవ్వ అటు తిరిగి నవ్వింది. అది నమ్మినవాళ్లు నవ్వే నవ్వు కాదు.

పండగ ముందురోజు సాయంత్రం అమ్మ ఒక డబ్బా పంచదార కొలిచి, గిన్నెలో పోసి, మూత పెట్టి అలమారలో ఉంచింది. తెల్లారి అందరూ స్నానాల హడావిడిలో ఉన్నప్పుడు నేను పీట ఎక్కి మూత తీశాను. ఎందుకు తీశానంటే ఇప్పటికీ చెప్పలేను. గిన్నెలో పంచదార చూస్తుంటే, డాక్టరు తీస్తానన్న వేళ్లు గుర్తొచ్చాయి. ఒక గుప్పెడు తీసి, గౌను జేబులో పోసుకుని, కోళ్లగూడు వెనక్కి వెళ్లి పారబోశాను. దేవుడి సొత్తు పారబోశానని లెంపలేసుకున్నాను. అయినా దేవుడికి కాళ్లు బాగానే ఉన్నాయి, తాతకే బాగాలేవు అనుకున్నాను. పన్నెండేళ్లకి ఆపాటి వేదాంతం చాలు.

అమ్మ గిన్నె తీసి పప్పులో వంపింది. ఖాళీ గిన్నె లోపలికి ఒకసారి చూసి పక్కన పెట్టింది. మిల్లు పంచదార పడితే పూర్ణం ఇటుక రంగుకి తిరగాలి. ఎంత కలిపినా అది పప్పు రంగులోనే ఉంది. ముద్దకి రావడం లేదు. అమ్మ కొబ్బరిపాలు ఇంకో గరిటె పోసింది, ఇంకో గరిటె పోసింది. అవ్వ తల వంచుకుని కలుపుతోంది. తాత గుమ్మం దగ్గర పీట మీద కాలు చాపుకుని కూర్చుని అంతా చూస్తున్నాడు. గాజుపలక మీద చుక్క చూసి పలుకు చెప్పే మనిషి. "పంచదారేదీ?" అని ఇప్పుడే అరుస్తాడు, నా గుట్టు బయటపడుతుంది అని గౌను జేబు గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాను. ఆయన గడ్డం గోక్కుని పెరటివైపు చూశాడు.

నూనెలో వేసినవాటిలో సగం పగిలాయి. పప్పు పైకి తేలి నల్లబడింది. అయినా ఎవరూ ఎవరినీ తిట్టలేదు. మా వంటింట్లో తిట్లు లేకుండా నూనె పాడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకది అప్పుడే వింతగా తోచాల్సింది.

పగలనివి ఏరి దేవుడి ముందు పెట్టారు. నాయన దీపం వెలిగించి, హారతి ఇచ్చి, కొబ్బరికాయ కొట్టాడు. ముందు వేపపువ్వు పచ్చడి పెట్టారు, తర్వాత అందరి ఆకుల్లో బూరెలు వేశారు. తాతకి ఒక్కటి.

నేను కొరికాను. పచ్చడే నయం, అందులో కాస్తయినా తీపి ఉంది. ఇది ఉడికిన పప్పుని నూనెలో వేయించినట్టుంది, యాలకుల వాసన మాత్రం గొప్పగా వస్తోంది. ఒక గుప్పెడు తీస్తే ఇంత చప్పబడుతుందా అని బిత్తరపోయాను. కానీ ప్రసాదానికి వంక పెట్టకూడదు. అందరం నములుతున్నాం. తాత కూడా నెమ్మదిగా, తల ఎత్తకుండా నములుతున్నాడు. నాయన నమిలి, మింగి, సగం గ్లాసు నీళ్లు తాగి, "పప్పు మంచిదే దొరికింది ఈ ఏడు" అన్నాడు.

అంతే, అమ్మ ఏడ్చేసింది.

"తప్పు నాదేనండి. నిన్న కొలిసినాక మనసొప్పక గుప్పెడు తీసీసినాను. డాక్టరు మాట సెవుల్లో తిరగతా ఉంది. కానీ ఒక్క గుప్పెడేనండి, ఇంత సప్పగా ఎలాగయిపోనాదో!"

అవ్వ ఆకు వైపే చూస్తూ అంది: "నానూ తీసినాను. తెల్లారగట్ల. గుప్పెడు తీసి గోనెలో ఏసీసినాను."

ఇక నేను దాచి లాభం లేదు. కోళ్లగూడు సంగతి చెప్పాను. దెబ్బ పడుతుందని భుజం ముడుచుకున్నాను గాని ఎవరూ చెయ్యెత్తలేదు. నాయనకి మాత్రం నవ్వు ఆగలేదు. "ముగ్గురు ఆడోల్లు కలిసి దేవుడికి ఉత్త పప్పు పెట్టినారు. బోంజ్యే, ఓరి దేవుడా, ఇంకెవలైనా ఉన్నారా?" అన్నాడు.

"నానున్నాను" అన్నాడు తాత.

నాయన నవ్వు ఆగిపోయింది. తాత ఆకులో బూరె సగం మిగిలి ఉంది. దాన్ని వేలితో అటూ ఇటూ జరుపుతూ చెప్పాడు.

"నీల్లు కాద్దారని అందరికన్నా ముందు లెగిసినాను. గిన్నె కనపడినాది. గుప్పెడు తీసి కరివేపాకు మొక్క కింద పోసీసినాను. నా సేత్తో ఎప్పుడూ పంచదార పారబొయ్యనేదు నాను." ఎడమకాలి వైపు చూసుకున్నాడు. "కాలు తీసేత్తారంటే బయమేసింది. నాకూ ఉండాలనే ఉంది. పోనేడు మూడు తిన్నాను, నిజమే. నోరు ఆగనేదు. మీరందరూ నాను పోదారని తిన్నాననుకున్నారు. నాకు సెప్పడం సేతకానేదు."

ఏడాది పాటు ఆయన కప్పులోకి తొంగి చూసినందుకు నాకు సిగ్గేసింది. అంత పెద్ద మనిషికి నాకున్న భయమే ఉందని, నేను చేసిన పనే ఆయనా నాకంటే ముందు లేచి చేశాడని తెలిసి, ఆయన మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ పుండు మానడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది, వేళ్లు ఐదూ దక్కాయి. అది తర్వాతి సంగతి. ఆ పూట మాకు అదేమీ తెలియదు.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. నాయన తన ఆకులోకి చూసుకుంటున్నాడు. అవ్వ లేచి దేవుడి ముందు నుంచి ఇంకో బూరె తెచ్చింది. తాత పక్కన చతికిలబడి, తుంచి, ఆయన నోటి దగ్గర పెట్టింది. మా అందరి ముందు ఆవిడ అలా చేయడం నేను చూసింది అదొక్కసారే. ఆవిడ కళ్ల నుంచి నీళ్లు జారుతున్నాయి, గొంతులో మాత్రం ఎప్పటి దబాయింపే.

"తిను మావా. ఇందల ఏటీ నేదు, బయపడకు."