దాహం మాట నాకొచ్చిన ఏడాది

సంతృప్తి అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు ఆ మాట చెప్పినవాళ్ళలో ఒక్కరికీ ఏ లోటూ లేదు. కడుపు నిండినవాళ్ళే చెప్పారు, అదీ నేను నోరు తెరిచి ఏదైనా అడిగినప్పుడే చెప్పారు.

మాది రాజోలు దగ్గర కాలవ గట్టున ఉన్న చిన్న పేట. పేటకి ఒక చర్చి, మా పెరట్లో ఒక నుయ్యి. నేను కాపరానికి వచ్చిన కొత్తలో పక్క వీధివాళ్ళు కూడా పప్పు వండుకోవడానికి మా నీళ్ళే తోడుకుపోయేవారు. కందిపప్పు పొయ్యి మీద పెట్టి, వాకిలి ఊడ్చి వచ్చేసరికి మెత్తగా ఉడికిపోయేది. మా అత్తగారు కొడుకుని చూసుకుని ఎప్పుడూ మురిసిపోలేదు గానీ, ఆ నూతిని చూసుకుని మాత్రం మురిసిపోయేది.

మా పెరటి వెనకాల చేను మా బావగారిది. మా ఆయనకి పెదనాన్న కొడుకు. దోహాలో చాలాకాలం పనిచేసి వచ్చి, పక్కపక్కనే రెండు చేలు కొన్నారు. మా చర్చికి ఆయనే సంఘపెద్ద. ఆయన మొదటి చేనుని రొయ్యల చెరువుకి కౌలుకిచ్చారు. ప్రొక్లెయినర్ వచ్చి తవ్విపోయింది, ఉప్పునీళ్ళ బోరు దిగింది. మొదటి పంటకే మా నీళ్ళ రుచి మారింది. రెండో పంట నాటికి టీ పెడితే పాలు విరిగిపోవడం మొదలైంది. సబ్బు నురగ రాదు, పప్పు ఎంతసేపటికీ ఉడకదు, కొబ్బరి పిందెలు చెట్టున నిలవవు. మంచి నీళ్ళ నూతి పక్కన కాపురం ఉంటూ తాగడానికి నీళ్ళ టిన్నులు కొనుక్కోవాల్సి వచ్చింది.

అడగడానికి ఆయనింటికి వెళ్ళాను. వరండాలో పడక కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"బావగారండీ, మా నుయ్యి ఉప్పదేరిపోయిందండీ. ఏదో ఒకటి చెయ్యండి," అన్నాను.

"ఆయ్, నాకూ బాధగానే ఉందమ్మాయ్. ఏం చేస్తాం, చుట్టుపక్కలందరూ తవ్వించేరు. దేవుడిచ్చినదాంతో సంతృప్తి పడాలి మనం. మనల్ని మనం తగ్గించుకుని ఉంటే ఆయనే చూసుకుంటాడు."

తగ్గించుకోవాలట. ఆయన నూతిలో నీళ్ళు ఇంకా తియ్యగానే ఉన్నాయి, తగ్గించుకోవలసింది నేను! ఆయన భార్య, నాకు వరసకి తోడికోడలు, గుమ్మంలో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడింది. తల ఎత్తలేదు. ఆవిడ సంగతి పేటంతా ఎరిగినదే, ఆయన మాట్లాడుతుంటే ఆవిడ నోరు పెగలదు. ఆ కాఫీ ముట్టుకోకుండా వచ్చేశాను. మంచి నీళ్ళతో పెట్టిన కాఫీ అని వాసనకే తెలిసిపోయింది, దానికి ఇంకా మండింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఈస్టరు దాటగానే రెండో చేను కూడా తవ్వించేస్తున్నారని తెలిసింది. ఆ చేను పేట పొడుగునా ఆనుకుని ఉంటుంది. అది కూడా చెరువైతే ఒక్క నుయ్యి మిగలదు. మా ఆయనతో చెబితే, "మనవాడే కదే, గొడవెందుకు," అన్నాడు. మనవాడు కాబట్టే గొడవ. పరాయివాడైతే కలెక్టరాఫీసు ముందు కూర్చునేదాన్ని.

మా చర్చిలో గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటల ఆరాధన జరుగుతుంది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్ని ఏడుగురు పంచుకుని, ఒక్కొక్కరు లేచి ఒక్కో మాట మీద మాట్లాడతారు. మిట్టమధ్యాహ్నం మొదలుపెట్టి మూడింటికి ముగిస్తారు. మొదటిది క్షమాపణ మాట. అది ఎప్పుడూ బావగారిదే, రాసిచ్చేసినట్టు. స్త్రీల సమాజానికి ఎప్పుడూ మూడో మాట ఇస్తారు. తల్లి గురించిన మాట కాబట్టి ఆడవాళ్ళకి అది చాలని వాళ్ళ లెక్క. ఆ ఏడాది పాస్టరయ్యగారు కొత్తగా బదిలీ అయి వచ్చారు. పాపం, పేట సంగతులేవీ తెలియవు. "ఎప్పుడూ అదేనా అమ్మా, ఈసారి ఐదోది చెప్పండి," అని సమాజం తరఫున నన్ను నిలబెట్టి నలుగురిలో ప్రకటించేశారు.

ఐదోది దాహం మాట, 'నేను దప్పిగొనుచున్నాను' అన్నది. ఆడవాళ్ళ చాపల మీద నవ్వులు మొదలయ్యాయి. బావగారు వెనక్కి తిరిగి నా వంక చూశారు.

ఈస్టరు ముందు నలభై రోజుల శ్రమదినాలన్నీ నేను ఉపవాసంతో పాటు కోపం కూడా చేశాను. కుట్టుమిషను తొక్కుతూ ప్రసంగం కట్టుకున్నాను. ఒక బాటిలు నిండా మా నూతి నీళ్ళు పట్టుకెళ్ళాలి. గ్లాసులో పోసి, తీసుకెళ్ళి ఆయన చేతికివ్వాలి. తాగండి బావగారూ, సంతృప్తిగా తాగండి, అనాలి. తాగితే మొహం చూడాలి, తాగకపోతే పేటంతా చూడాలి. ఇందులో భక్తి ఎంతుందో నాకు తెలుసు. అయినా ఆ మాట తలుచుకుంటే రోజంతా హుషారుగా ఉండేది.

ఆ శుక్రవారం కరెంటు లేదు. రేకుల కప్పు కింద అందరం ఉడికిపోతున్నాం. పొద్దుటినుంచి ఎవరూ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. బావగారు క్షమాపణ మీద చాలాసేపు, చాలా బాగా మాట్లాడారు. నేను సంచిలో బాటిలు తడిమి చూసుకుంటూ కూర్చున్నాను. నా వంతు వచ్చింది. లేచి వెళ్ళి పుల్పిట్టు దగ్గర నిలబడి, వాక్యం చదివి తల ఎత్తాను. ఎదురుగా ముందు వరసలో బావగారు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నాకు జాలి వేయలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి?

కానీ చదివిన మాట నన్ను ఆపేసింది. అన్నేళ్ళుగా విన్న మాటే. ప్రభువు దాహమని ఎవరితో చెప్పాడు? అక్కడ శిష్యులు కూజా పట్టుకుని లేరు. మేకులు కొట్టినవాళ్ళు ఉన్నారు. తనని చంపుతున్నవాళ్ళకి వినపడేలా దాహమేస్తోందని చెప్పుకున్నాడు. ఆ చోట నేనైతే శపించి ఉండేదాన్ని. శపించడం నాకు చేతనైన పని. చెయ్యి చాచడం నా వల్ల కాదు. నా చిన్నప్పుడు మా అమ్మ పక్కింట్లో ఉప్పు అడిగి తెమ్మన్నా, చప్పటి కూర తింటాను గానీ వెళ్ళనని మొండికేసేదాన్ని.

బాటిలు సంచిలోనే ఉండిపోయింది. కట్టుకున్న ప్రసంగంలో ఒక్క ముక్క రాలేదు.

"బావగారండీ," అన్నాను. "మాకు దాహంగా ఉందండీ. మా నూతిలో నీళ్ళు తాగడానికి పనికిరావట్లేదండీ. ఆ రెండో చేను తవ్వించకండి. మిమ్మల్ని అడుగుతున్నానండీ."

అంతే, వచ్చి చాప మీద కూర్చున్నాను. సిగ్గుతో మొహం మండిపోయింది. ఆయనని తిట్టి ఉంటే తల ఎత్తుకుని కూర్చునేదాన్ని. అయ్యగారికి ఏమీ అర్థం కాక పాట ఎత్తుకున్నారు.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర బావగారు నన్ను ఆపారు.

"నలుగురిలో అడుగుతావా నన్ను?"

"ఆయ్, అడుగుతానండీ. వచ్చే ఆదివారం కూడా అడుగుతాను."

ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఇంటికి వచ్చి ఇంత గంజి తాగి, వసారాలో చాప వేసుకుని పడుకున్నాను. అంతకు ముందు ఏడాదిగా నేను ఒక్కదాన్నీ ఉన్నది లేదు. అంట్లు తోముతుంటే మనసులో బావగారితో వాదన, కాజాలు కుడుతుంటే వాదన, ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే ఇంకా పెద్ద వాదన. ఆ మధ్యాహ్నం ఆయన నా మనసులోకి రాలేదు. ఫలానా మాట అనాల్సింది, మర్చిపోయానే అన్న కొరత కూడా లేదు. పొద్దు వాలేదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. లేచేసరికి నుయ్యి ఉప్పగానే ఉంది, చెరువు చెరువులాగే ఉంది. అయినా నా ప్రాణం హాయిగా ఉంది. తగ్గించుకున్నవాళ్ళకి దేవుడు ఇస్తానన్న విశ్రాంతి ఇదే అయితే, దాన్ని అడ్డం పెట్టుకుని ఇన్నాళ్ళూ నా నోరు మూయించినవాళ్ళ మీద మళ్ళీ కోపం వచ్చింది. తగ్గించుకోవడం అంటే ఊరుకోవడమని చెప్పారు నాకు. ఊరుకోవడం చాలా తేలిక, మా ఆయన రోజూ చేస్తాడు.

చెప్పినట్టే ఈస్టరు నాడు అడిగాను. ఆ తర్వాతి ఆదివారం అడిగాను. ఆయన పక్క తలుపులోంచి వెళ్ళిపోతే, అటు తిరిగి వెళ్ళి అడిగాను. ఒకే మాట, ఒకే గొంతుతో. రెండో చేను ఇంకా తవ్వలేదు, తవ్వించనని ఆయన చెప్పనూ లేదు. "అమ్మాయ్, నీకు సంతృప్తి లేదు," అన్నారు ఒకసారి. "నీళ్ళు లేవండీ," అన్నాను.

మొన్న ఆదివారం కూడా మెట్ల దగ్గర నిలబడ్డాను. ఆయన కిందికి దిగుతున్నారు. నేను నోరు తెరవబోతుంటే నా పక్కకి ఎవరో వచ్చి నిలబడ్డారు. చూస్తే ఆయన భార్య.

"ఏవండీ, మన నుయ్యి కూడా ఉప్పదేరిందండీ. ఆ చేను తవ్వించకండి."

జనం ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. బావగారు గొంతు తగ్గించి, "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం పద," అన్నారు.

"ఇంట్లో అడిగేనండీ," అంది ఆవిడ. "చాలాసార్లు అడిగేను."