తీగ పీకినా తెరుచుకునే ఆటలు

నిన్న పొద్దున ఫోనుకు ఒక మెయిల్ వచ్చింది. ఏనాడో నేను డబ్బు కట్టి కొనుక్కున్న కంప్యూటర్ ఆటను వచ్చే నెల నుంచి మూసేస్తున్నారట, ఇన్నాళ్లూ తమతో ఉన్నందుకు ధన్యవాదాలట. మూసేయడానికి అది వాళ్ల దుకాణమా, నా ఇంట్లో నా కంప్యూటర్‌లో ఉన్న నా వస్తువు కదా అని నేను అరిచిన అరుపుకు మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి బీపీ గోలీ సంగతి అడిగింది. గోలీ వేసుకున్నాను. కానీ ఇది గోలీతో తగ్గే కోపం కాదు, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల నుంచీ ఉన్న కోపం.

అప్పట్లో తొర్రూరు బస్టాండు దగ్గర నాకో కంప్యూటర్ దుకాణం ఉండేది. మా బాపు కిరాణా కొట్టు వదిలి నేను ఇందులోకి దిగినందుకు ఇంట్లో చాలాకాలం గొణుగుడు నడిచింది గానీ, వ్యాపార నీతి మాత్రం ఆయన దగ్గర నేర్చుకున్నదే. తూచి సంచిలో పోసినాక సరుకు కొన్నవాడిది, వాడు వండుకున్నా, పక్కింటికి బదులిచ్చినా, ఎలుకలకు వేసినా అడిగే హక్కు మనకు లేదనేవాడు. నెట్టులోనే ఆటలు అమ్మడం మొదలైన ఆ కొత్తలో, దొంగ సీడీల జోలికి పోనని పట్టుబట్టి అన్నీ డబ్బు కట్టి దింపుకున్న మూర్ఖుణ్ణి బహుశా తొర్రూరు మొత్తంలో నేనొక్కణ్ణే.

మా అక్కను మానుకోటలో ఇచ్చారు. బావ రైలింజను డ్రైవరు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయి ఉద్యోగం మానుకోవలసి వచ్చాక, మనిషి గోడవైపు తిరిగి పడుకోవడం తప్ప ఇంకేమీ చేసేవాడు కాదు. చెయ్యిని రోజూ కదిలిస్తేనే పట్టు వస్తుంది, లేకుంటే బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పినా, అక్క ఎంత బతిమాలినా, వేలు కదపలేదు. నేను రైలు నడిపే ఆట ఒకటి కొని వాళ్లింటి కంప్యూటర్‌లో పెట్టి, చేత్తో నెట్టే పిడి ఒకటి తగిలించి వచ్చాను. బావ మొదట మొహం తిప్పుకున్నాడు, తర్వాత ఓ కన్ను అటు వేశాడు, మెల్లమెల్లగా ఆ పడిపోయిన చెయ్యి పిడి మీదికి వచ్చింది. వేళ్లు కదిలిన రోజున అక్క ఫోనులో ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది.

అంతలో రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. బడులు, బస్సులు, సర్కారు కచేరీలు ఆగాయి, భూపాలపల్లి దిక్కు బొగ్గుబావుల్లోకి ఎవరూ దిగలేదు, కరెంటుకు కటకట, రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. నేనూ రోడ్డు మీద వంటావార్పూలో కూర్చున్నవాణ్ణే కనుక దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. కరెంటు వచ్చినా నెట్టు వచ్చేది కాదు. కొన్న ఆట తెరిచిన ప్రతిసారీ ఏ దేశంలోనో ఉన్న కంపెనీని అనుమతి అడుగుతుందని, నెట్టు లేకపోతే తాళం తియ్యదని నాకు అప్పుడే తెలిసింది. దుకాణానికొచ్చే డిగ్రీ పిల్లలు తెర మీద అనుమతి లేదన్న అక్షరాలు చూసి, "అన్నా, కంపెనోళ్లు గూడ మన బందుకు మద్దతిచ్చిన్రే!" అని చప్పట్లు కొడితే నేనూ నవ్వాను.

ఆ నవ్వు అక్క ఫోను వచ్చేదాకానే. బావ పొద్దటి నుంచి పిడి మీద చెయ్యి వేసి తెర ముందే కూర్చున్నాడట. "గార్డు ఇంక పచ్చజెండ ఊపలేదంటున్నడు తమ్మీ, జెండ లేంది బండి కదిలిస్తె నౌకరి పోతదంట, బువ్వకు గూడ లేస్తలేడు" అన్నది. జీవితమంతా గార్డు జెండా చూసి కదిలిన మనిషి, ఆటలో కూడా అదే పద్ధతి కాబోలనుకుని, తాళం తీసేవాడి కోసం అలా ఎదురుచూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఎన్నో రోజులు ఆట తెరుచుకోలేదు. బావ మళ్లీ గోడవైపు తిరిగాడు, వేళ్లు మళ్లీ బిగుసుకోసాగాయి. అదే ఆట దొంగ సీడీ తెచ్చుకున్నవాడి ఇంట్లో నిక్షేపంగా నడుస్తోంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అంటారే, నిజాయితీగా కొన్నవాడి గతి అదీ.

ఆ మంటతోనే, నెట్టులో అమ్మే ఆటల్లో తాళం లేనివేవో జాబితా రాయడం మొదలుపెట్టాను. పద్ధతి మొరటుది. ఆట దింపుకుని, నెట్టు తీగ పీకి, తెరవాలి. తెరుచుకుంటే దాన్ని పెన్‌డ్రైవులో వేసి పక్క కంప్యూటర్‌లోకి మార్చి మళ్లీ తెరవాలి, రెండుచోట్లా తెరుచుకుంటేనే అది కొన్నవాడిది. అమ్మేవాళ్లు ఈ ముక్క సూటిగా రాసి చస్తే కదా! ఒకే ఆట ఒకచోట తాళంతో, ఇంకోచోట తాళం లేకుండా ఉండేది. నిన్న తెరుచుకున్నది కొత్త మార్పులు దింపుకోగానే తాళం వేసుకునేది, రాసింది కొట్టేసి మళ్లీ తీగ పీకడం మొదలు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఎక్కడెక్కడి దేశాల్లోనో ఇదే పని చేసి నెట్టులో రాసుకుంటున్నారని తెలిసి, నా వచ్చీరాని ఇంగ్లీషులో నావీ కలిపాను. "అందరు రాష్ట్రం కోసం కొట్లాడుతుంటె నువ్వు ఆటల కోసం కొట్లాడుతున్నవారా?" అని మేనమామ వెక్కిరించాడు. మన ఇంటి తాళంచెవి ఇంకొకడి చేతిలో ఉండొద్దనే కదా మామా రోడ్డెక్కింది అన్నాను.

చివరికి తాళం లేని రైలు ఆట ఒకటి దొరికింది. బొమ్మలు అంత బాగుండవు. "గిది మాల్‌గాడి లెక్కున్నది" అని గూడ్సు బండితో పోల్చి బావ ముక్కు విరిచాడు గానీ పిడి పట్టుకున్నాడు. రాష్ట్రం వచ్చేనాటికి ఆ చేత్తోనే ముద్ద కలుపుకుని తిన్నాడు.

ఇప్పుడు బావ లేడు, నా దుకాణమూ లేదు. పాటా, సినిమా, పుస్తకం, ఆటా అన్నీ కిరాయి సామానే అయ్యాయి, కొనడమనే మాటకు అర్థం మారిపోయినా ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. నా జాబితా అడిగే నాథుడు లేడు. రాత్రి అక్కతో మాట్లాడుతూ ఈ మూసివేత సంగతి చెప్పాను. "తమ్మీ, మీ బావ బండి గూడ బంద్ చేస్తరా?" అని అడిగింది. ఆయన చివరిసారి ఆపిన చోటే నిలబడి ఉన్న ఆ బండిని అక్క అప్పుడప్పుడు తెరిచి చూసుకుంటుందని ఇన్నాళ్లూ నాకు తెలియదు. ఎవరి తరమూ కాదక్కా, అది మనదే అన్నాను. ఫోను పెట్టేశాక, నేను కొనుక్కున్నవాటిలో ఇంక దేని గురించైనా ఆ మాట అనగలనా అని చాలాసేపు వెతుక్కున్నాను.